ఉడుత వీపు మీది చారలు

తొమ్మిదేళ్ళ క్రితం నేనొక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కోడ్ పంపించి, మధ్యలో మాయమైపోయాను. ఈ సంగతి మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత తప్పని కూడా అనుకోలేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. కంపెనీ మారాలని చూస్తున్నాను. రెజ్యూమేలో "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అన్న ముక్క ఉంటే బావుంటుందని స్నేహితుడొకడు చెప్పాడు. ఆఫీసులో మేం రోజూ వాడే చిన్న లైబ్రరీ ఒకటుంది, తేదీల లెక్కలు చేసేది. అందులో ఒక బగ్ కనిపించింది. రెండు శనాదివారాలు కూర్చుని సరిచేశాను. అక్కడితో ఆగితే సరిపోయేది. పనిలో పనిగా చుట్టుపక్కల కోడ్‌ని కూడా నాకు నచ్చిన పద్ధతిలోకి మార్చేశాను. మొత్తం నాలుగొందల పైచిలుకు లైన్లు. పుల్ రిక్వెస్ట్ పెట్టాను.

మూడు వారాలకి జవాబొచ్చింది. ఆ ప్రాజెక్టుని చూసుకునేది ఒకే ఒక్క మనిషి. ఆయన ప్రతి లైనూ చదివారు. పంతొమ్మిది వ్యాఖ్యలు రాశారు. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో, దీన్ని ఎలా విడదీసి పంపిస్తే తీసుకోగలరో ఓపిగ్గా చెప్పారు. ఆ జవాబు వచ్చేసరికి నాకు కొత్త ఉద్యోగం వచ్చేసింది. రేపు చూద్దాం, వచ్చేవారం చూద్దాం అనుకుంటూ వదిలేశాను. రెజ్యూమేలో ముక్క మాత్రం ఉంచేశాను.

చిన్న సాయం చేసినప్పుడు మనం "ఏదో ఉడుతాభక్తిగా" అంటాం. సేతువు కడుతున్నప్పుడు ఉడుత ఇసుకలో పొర్లి, ఆ ఇసుకని తెచ్చి వారధి మీద దులిపిందనీ, రాముడు ప్రేమగా దాని వీపు నిమిరితే చారలు పడ్డాయనీ కథ. ఇది వాల్మీకిలో లేదు. తెలుగులో గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో ఉంది. ఓపెన్ సోర్స్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ధైర్యం చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు. స్పెల్లింగ్ తప్పు దిద్దినా చాలు, ఇసుక రేణువైనా ఫరవాలేదు, ముందు అడుగుపెట్టు అంటారు. నేనూ చాలామందికి అలాగే చెప్పాను.

ఇప్పుడు ఆ కథలో రెండు విషయాలు నన్ను ఇబ్బంది పెడుతున్నాయి. ఒకటి, కొండరాళ్ళు మోసుకొస్తున్న కోతుల సంగతి. కాళ్ళ మధ్య ఉడుత తిరుగుతుంటే ప్రతి అడుగూ చూసుకుని వెయ్యాలి కదా. రెండోది, ఆ మొదటి ఉడుతకి చారల సంగతి తెలీదు. కథ విన్న ఉడుతలన్నిటికీ తెలుసు.

హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో జరిగింది ఈ రెండోదే. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014లో దాన్ని మొదలుపెట్టింది. అక్టోబరు నెలలో కొన్ని పుల్ రిక్వెస్టులు పంపితే ఒక టీషర్టు ఇచ్చేవారు. ఉద్దేశం మంచిదే, కొత్తవాళ్ళని రప్పించడం. 2020కి వచ్చేసరికి నాలుగు పంపితే చాలు, మొదటి 70,000 మందికి బహుమతి. ఆ అక్టోబరు ఒకటో తారీఖు నుంచే రీడ్‌మీ ఫైళ్ళలో ఓ విశేషణం చేర్చి, ఓ కామా మార్చి పంపినవి వెల్లువలా వచ్చిపడ్డాయి. నిర్వాహకుల మొర విని వారం తిరక్కుండానే నిబంధన మార్చారు: ఒప్పుకున్న ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకి వస్తాయని. 2023లో టీషర్టులే మానేశారు.

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి ఇంకో రకంగా అయింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో నేర్పే ఓ వీడియోలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు. చూసిన విద్యార్థులు బోలెడుమంది అక్కడి రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపించారు. ఎక్కువగా మన దేశపు పిల్లలే. ఇంటర్నెట్ అంతా వాళ్ళని చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు వీడియోలో చెప్పింది చెప్పినట్టు చేశారు. మనకి చదువు నేర్పిన పద్ధతే అది కదా. పైగా, రెజ్యూమే కోసం వెళ్ళిన నేను టీషర్టు కోసం వెళ్ళినవాణ్ణి ఏమని తిట్టను?

ఇక్కడ చాలామంది చెప్పే మాట, ఉద్దేశం శుద్ధిగా ఉండాలని. నాకు ఆ మాట మీద నమ్మకం తగ్గిపోయింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టింది లోకకల్యాణం కోసం కాదు, తన 386 కంప్యూటర్ మీద తనకి కావలసినట్టు పనిచేసేది ఒకటి కావాలని. స్వార్థం లేని చోట ఓపెన్ సోర్స్ ఎప్పుడూ లేదు. ఇక బయటినుంచి చూసి ఉద్దేశాన్ని కొలవగలమా అంటే, ఎక్స్‌జీ కథ ఉంది.

ఎక్స్‌జీ యుటిల్స్ అనేది ఫైళ్ళని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని లైనక్స్ సర్వర్లలో ఇంచుమించు అన్నిట్లోనూ ఉంటుంది. ఏళ్ళ తరబడి చూసుకున్నది ఒక్క మనిషి, జీతం లేకుండా. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. పొందికగా, మర్యాదగా, విసుగు లేకుండా. మరోపక్క వేరే పేర్లతో కొందరు "పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు" అని ఆ నిర్వాహకుడి మీద ఒత్తిడి తెచ్చారు. తన ఆరోగ్యం బాగా లేదనీ, ఇది జీతం రాని పని అనీ ఆయన చెప్పుకోవలసి వచ్చింది. చివరికి కొత్త మనిషికి బాధ్యతలు అందాయి. 2024 ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చిన రెండు వెర్షన్లలో ఒక దొంగదారి చేరిపోయింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి, మార్చి 29న అది బయటపడింది.

అంటే, చేరినప్పుడు ఎలా మెలగాలని మనం కొత్తవాళ్ళకి చెబుతామో, అవన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాడు దొంగ. ఏ పద్ధతీ తెలీక పేరు రాసి పంపిన పిల్లాడిలో ఏ దురుద్దేశమూ లేదు.

మరి ఉద్దేశంతో తేలనప్పుడు దేంతో తేల్చాలి? దానంగా వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. కోడ్ విషయంలో ఆ సామెత చెల్లదు. పళ్ళు లెక్కపెట్టక తప్పదు. లెక్కపెట్టడానికి పూట పడుతుంది. ఇచ్చినవాడు వెళ్ళిపోయాక కూడా ఆవుకి గడ్డి వేస్తూనే ఉండాలి. కాబట్టి మొదటి పుల్ రిక్వెస్ట్ అనేది కానుక కాదు. ఒక మనిషి సమయాన్ని అప్పుగా అడగడం. నేను పంపిన నాలుగొందల లైన్లు నేను ఇచ్చినవని అనుకున్నాను. నిజానికి ఆ పంతొమ్మిది వ్యాఖ్యలు నేను తీసుకున్నవి. ఇప్పుడు ఏఐ సాయంతో నాలుగొందల లైన్లు రెండు నిమిషాల్లో తయారవుతాయి. చదవడానికి పట్టే సమయం మాత్రం తగ్గలేదు. కర్ల్ ప్రాజెక్టుని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 నుంచీ మొత్తుకుంటున్నది అదే. ఏఐతో రాయించి పంపిన బగ్ రిపోర్టులు చూడ్డానికి అచ్చం నిజమైనవాటిలాగే ఉంటాయి, అబద్ధమని తేల్చడానికి నిపుణుల గంటలు ఖర్చవుతాయి.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. కొత్తవాళ్ళతో "మీరు బరువు" అని చెబితే ఎవరూ రారు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయడానికే చెమటలు పట్టే కుర్రాడు అసలు రాడు. ఎవరూ రాకపోతే పాతమనిషి ఒంటరిగా మిగులుతాడు. ఒంటరిగా, అలిసిపోయి ఉన్నవాడి దగ్గరికే జియా టాన్‌లు వస్తారు.

నిజమే. కానీ అప్పు తీసుకోవడం తప్పని నేననడం లేదు. అమ్మ పూరీలు ఒత్తుతున్నప్పుడు పిల్లలకి చిన్న ముద్ద ఒకటి ఇస్తుంది. అది ఆవిడ తనే ఒత్తేస్తే క్షణం పని. పిండి పాడవుతుందని తెలిసే ఇస్తుంది. చాలా ప్రాజెక్టుల్లో "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అని గుర్తు పెట్టి ఉంచే పనులు అలాంటి ముద్దలే. ఆ ముద్ద తీసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. దాన్ని సగంలో నేల మీద పడేసి ఆడుకోవడానికి వెళ్ళిపోవడమే తప్పు.

అప్పని తెలిస్తే చేసే పనులు మారతాయి. కొత్త కోడ్ రాసేముందు, పాత ఇష్యూల్లోంచి ఒకటి తీసుకుని అది ఇప్పటికీ వస్తోందో లేదో చూసి చెప్పొచ్చు. బగ్‌ని పట్టిచ్చే టెస్ట్ ఒకటి రాయొచ్చు. ఇన్‌స్టాల్ చేస్తూ ఎక్కడ చిక్కుకుపోయామో డాక్యుమెంటేషన్‌లో చేర్చొచ్చు. ఆ తడబాటు కొత్తవాడికే తెలుస్తుంది, పాతవాళ్ళు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. పెద్ద మార్పైతే ముందు అడగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, కుదరకపోతే "నాకు కుదరడం లేదు, ఇంకెవరైనా తీసుకోండి" అని ఒక్క లైను రాయొచ్చు. దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. నేను చెయ్యలేకపోయింది అదే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయినేడాది నాకూ ఒక పుల్ రిక్వెస్ట్ వచ్చింది. పద్యాలకి గణవిభజన చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి అందరికీ అందుబాటులో పెట్టాను. ఒక విద్యార్థి దాన్ని "వేగవంతం" చేసి పంపాడు. "స్త్రీ" అన్నది మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. అతని కోడ్ ఆరూ లెక్కపెట్టింది. ఆదివారం సాయంత్రమంతా కూర్చుని, బొమ్మలేసి మరీ వివరించాను. నాకే ముచ్చటేసింది. అతను మళ్ళీ కనపడలేదు. కోపం రావలసిన చోట తొమ్మిదేళ్ళ నాటి ఆ పంతొమ్మిది వ్యాఖ్యలు గుర్తొచ్చాయి.

వెళ్ళి చూశాను. నేను వదిలేసిన ఏడాదికి ఆ బగ్‌ని ఆయనే సరిచేశారు, నా నాలుగొందల లైన్లలోంచి పనికొచ్చే ముప్ఫై ఏరుకుని. ఆ కమిట్ చివర సహరచయితగా నా పేరుంది. కంట్రిబ్యూటర్ల జాబితాలో నా బొమ్మ ఉంది. ఇన్నాళ్ళూ రెజ్యూమేలో ఉన్నది అబద్ధమని నాకు నేనే ఒప్పుకోవడానికి సిద్ధపడుతుంటే, ఆయన దాన్ని ఎప్పుడో నిజం చేసి ఉంచారు. ఇసుక దులపకుండానే నాకు చారలు పడ్డాయి.

ఆ పాత పుల్ రిక్వెస్ట్ కింద రెండు లైన్లు రాశాను. చెప్పకుండా వెళ్ళిపోయినందుకు క్షమించమనీ, పూర్తిచేసినందుకు కృతజ్ఞతలనీ. ఇంకా చాలా రాయాలనిపించింది కానీ, అది చదవడానికి పట్టేది కూడా ఆయన సమయమే. ఆ తర్వాత అక్కడి ఇష్యూల జాబితా తెరిచి, అన్నిటికన్నా పాతది ఒకటి తీసుకుని కొత్త వెర్షన్‌లో నడిపి చూశాను. ఆ బగ్ ఇంకా వస్తోంది. ఎలా వస్తోందో, ఏ వెర్షన్‌లో వస్తోందో రాసి పెట్టాను. ఈసారి జవాబొస్తే వెంటనే చూస్తాను.