తొలి తప్పు, చెరగని వ్రాత

ఆలంపురమునకు చేరువను పాపనాశి యను గుడుల గుంపు కలదు. శ్రీశైలము జలాశయమున మునిగిపోవునని ఆ గుడులను విప్పి, రాళ్లు మోసి తెచ్చి, మెరకమీద మరల నిలిపిరి. 12 ఏండ్లకొకమారు తుంగభద్ర పుష్కరములకు జనులు ఈ తీరమున మునిగి లేతురు. లేచినవాని పాత లెక్క నెవ్వరు నడుగరు. పాపము విషయమున మనకు గల యీ యౌదార్యము నేరము విషయమున ఏల కొఱవడినదో విచారింపవలసియున్నది.

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు బాటలో, ఆలంపురము చౌరస్తాకడ, చదువుకొను కుఱ్ఱవాడొకడు జేబులో కొంచెము గంజాయితో పోలీసులకు చిక్కెననుకొందము. వానికి 19 ఏండ్లు. అమ్మినవాడు కాడు, తోడివారితో కూడి సరదాపడినవాడు. వాని తండ్రి వకీలును మొదట అడుగునది శిక్ష యెంత యని కాదు, ఈ మచ్చ మాయునా యని.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున ఒక కిలో వరకు గంజాయి స్వల్ప పరిమాణము. దానికి ఏడాది వరకు కఠిన కారాగారము, 10,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. చట్టమునకు కరుణ లేదనుట తప్పు. వ్యసనమునకు లోబడినవాడు తనంత తాను ప్రభుత్వము గుర్తించిన వైద్యాలయమున చేరి చికిత్స ముగించుకొన్నచో, 64-ఎ సెక్షను వానిని విచారణనుండి కాచును. మంచి మాటయే. కాని మన కుఱ్ఱవాడు వ్యసనపరుడు కాడే! ఆ ద్వారమున ప్రవేశింపవలెనన్న తాను మత్తునకు బానిసనని ఒప్పుకొనవలెను. తక్కువ తప్పు చేసినవాడు ఎక్కువ తప్పును నెత్తికెత్తుకొన్నగాని దారి దొరకదు.

ఇంకొక వింత కలదు. సేవించినవాని తప్పు 27వ సెక్షనుది. వానిని 1958 నాటి ప్రొబేషను చట్టము క్రింద మంచి నడవడికి పూచీ గైకొని విడువవచ్చును, ఆ తీర్పువలన అనర్హత కలుగదు. జేబులో నుంచుకొన్నవాని తప్పు 20వ సెక్షనుది. 18 ఏండ్లు నిండినవానికి 33వ సెక్షను ఆ మేలును నిషేధించుచున్నది. పీల్చినవానికి తెరచిన తలుపు, పీల్చకమున్నే పట్టుబడినవానికి మూసికొన్నది!

18 ఏండ్లకు ఒక్కనాడు తక్కువైనను కథ వేఱు. 2015 నాటి బాలన్యాయ చట్టము 24వ సెక్షను ననుసరించి ఇట్టి చిన్న నేరమువలన అనర్హత లేదు. అప్పీలు గడువు తీరిన పిదప ఆ కాగితములను నాశనము చేయవలెను. పెద్దవాని కాగితములను చెరుపు సామాన్యశాసనము మన దేశమున లేదు. కేసు కొట్టివేయుమని హైకోర్టునకు పోవచ్చును గాని, అది చేతిలో సొమ్ము గలవాని దారి.

చెరిపినచో భయము పోవునని కొందఱు పెద్దలందురు. బడిపిల్లల బస్సు నడుపువాని పూర్వము తెలియనక్కరలేదా యనియు నందురు. ఈ రెండవ మాట మేమును ఒప్పుకొందుము. పరుల ప్రాణములు చేతిలో నుండు కొలువులకు కొన్నేండ్లు ఆ వ్రాతను ఉంచుట న్యాయమే. మొదటి మాట మాకు రుచింపదు. భయము శిక్షలో నున్నది; శిక్ష ముగిసిన పిదపను సాగు భయము ఎవనిని కాచును? కొలువును సంబంధమును పోగొట్టుకొన్నవానిని ఆదరముతో పిలుచువారు ఆ గంజాయి అమ్మువారొక్కరే. (1961 నుండి కట్నము పుచ్చుకొనుట నేరమన్న సంగతి పెండ్లిచూపులలో మఱచు మనము, ఈ నేరమును మాత్రము మఱువము.)

మఱి ఉద్యోగపు దరఖాస్తులో 'నీ మీద కేసు నడచినదా' యను ప్రశ్నకు ఏమి వ్రాయవలెను? 2011లో ఢిల్లీ పోలీసు కొలువు గూర్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, యౌవనపు తప్పును దాచినవానిని కనికరించి, రొట్టె దొంగిలించిన జీన్ వాల్జీన్ కథను తలచినది. 2016లో ముగ్గురు న్యాయమూర్తులు మఱికొంత కట్టుదిట్టముగా తేల్చిరి: అడిగినదానికి సత్యము చెప్పవలెను, చిన్నతనపు అల్పనేరమును కొలువిచ్చువాడు ఉపేక్షింపవచ్చును. ఉపేక్షింపవచ్చుననిరే గాని, ఉపేక్షించి తీరవలెననలేదు.

కనుక ఆ తండ్రి మమ్మడిగినచో అబద్ధము వ్రాయుమని చెప్పజాలము. తీర్పు నకలు భద్రపఱచుకొమ్మనియు, అడిగినచోట ఉన్నదున్నట్లు వ్రాయించుమనియు చెప్పుదుము. ఆ కాగితమును అందుకొను బల్లకు ఆవలివైపున మన చదువరులలో ఎవరో యొకరు కూర్చుండియుందురు.