ఇచ్చుటయు వినుటయు

పరోపకారము పుణ్యమని మన పెద్దలు చెప్పిరి, అందఱు నంగీకరించిరి. కాని యుపకారము పొందువాని మనస్సున నేమి జరుగునో విచారించినవారు కొందఱే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మము. అందు వివాదము లేదు. బీదయింటి బాలునకు చదువు చెప్పబూనునపుడు మాత్రము, "నీకడ నేమియు లేదు, మే మిచ్చినదే నీకు గతి" యను భావమునుగూడ చదువుతోపాటు వానికి నేర్పుచున్నామా? నేర్పినచో, మన మిచ్చిన దెంత, తీసికొన్న దెంత? ఈ ప్రశ్ననే మే మిచ్చట విచారింపదలచితిమి.

దీనికి దృష్టాంతము మన సీమలోనే కలదు. 2022 వఱకు చిత్తూరు జిల్లాలో నుండిన మదనపల్లెకు సమీపమున ఋషివ్యాలీ విద్యాలయ మున్నది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి భావములనుండి పుట్టిన సంస్థ యది. చుట్టుపట్ల పల్లెలు మెట్టపొలమును, వేరుసెనగను, మేకలను నమ్ముకొన్నవి. ఆ పల్లెల పిల్లలకై వై. ఎ. పద్మనాభరావుగారును, వారి సతీమణి రమగారును అచ్చటి గ్రామీణ విద్యాకేంద్రమును పెంపొందించి, ఏకోపాధ్యాయ పాఠశాలలను నడిపించిరి.

ఒక్క గురువు, పలు తరగతుల పిల్లలు. అందఱకు నొకే పాఠము నొకేసారి చెప్పుట యసాధ్యము. కావున వారు పాఠములను చిన్నచిన్న కార్డులుగా విభజించి, నిచ్చెనమెట్లవలె వరుసగూర్చి, బొమ్మగుర్తులు పెట్టిరి. బిడ్డ తన మెట్టు తానే చూచుకొని, తన కార్డు తానే తీసికొనును. ఒకరికి గురువు తోడు, ఇంకొకరికి తోటిపిల్లల తోడు. కొందఱు తమంతట తామే నేర్చుకొందురు. వేరుసెనగకాయలు పెఱుకు దినములలో పొలమునకు బోయిన పిల్ల తిరిగివచ్చి, విడిచిన మెట్టుననే యారంభింపవచ్చును. సామాన్యమైన బడిలో నామె "వెనుకబడినది". ఇచ్చట నామెకు పని యుండి రాలేదు, అంతే. బీదఱికమును నేరముగా నెంచకుండుటయే యీ పద్ధతిలోని నీతి యని మా యభిప్రాయము.

ఆ చదువులో పల్లెకథలకును, పాటలకును, బొమ్మలాటకును చోటు దొరకినది. ఇది వేడుకకొఱకు మాత్రమే కాదు. అవ్వ చెప్పిన కథ బడిలో పాఠమైన దినమున, తన యింటనుగూడ విద్య యున్నదని బిడ్డ తెలిసికొనును. తిరుపతి ప్రాంతపు నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు తమ పల్లెపలుకుతోనే "పచ్చనాకు సాక్షిగా" వ్రాసినపుడు, ఆ పలుకు గ్రంథమునకు తగునని తెలుగువా రెఱిగిరి. ఆఫ్రికాఖండమున చినువా అచేబె 1958లో తన జాతి కథను తానే చెప్పినపుడు జరిగినదియు నిట్టిదే.

కొందఱందురు: "కథలు కూడు పెట్టునా? ఇంగ్లీషు వచ్చినవానికే గదా యుద్యోగము!" ఈ మాటను త్రోసివేయరాదు. పూట గడవనివానికి స్వాభిమానమును మాత్రమే బోధించుట కడుపునిండినవాని వేడుక. ఇంగ్లీషు కోరు తల్లిదండ్రులయందు తప్పు లేదు. అవకాశ మీయక కథను మెచ్చుకొనుట మోసమే. అయినను, తల్లి పలుకునకు సిగ్గుపడుట నేర్పి యిచ్చిన అవకాశ మేమి చేయును? వాడు పైకి వచ్చును. వచ్చి, క్రింద మిగిలినవారిని మనము వానిని చూచినట్లే చూచును. రేపు వాడు చేయు దానమును అట్టిదే యగును. ఒకనికి చేసిన యవమానము ఈ విధముగా తరతరములకు ప్రాకును.

ఋషివ్యాలీ పద్ధతి పొరుగుసీమలకు వ్యాపించిన తీరు మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె ప్రాంతమున "నలి-కలి"గాను, 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలలో వేఱొక పేరుతోను అది వెలసినది. అచ్చటి యుపాధ్యాయులు తెలుగు కార్డులను దిగుమతి చేసికొనలేదు. తమ భాషలో, తమ పిల్లలకు తగినట్లు క్రొత్తగా సిద్ధపఱచుకొనిరి. "మాది తీసికొనుడు" అనక, "మీది మీరు వ్రాసికొనుడు" అనుటకు తావిచ్చిన విద్య యది.

గృహస్థులమైన మనకు బడులు స్థాపించు శక్తి లేకపోవచ్చును. కాని మన యిండ్లలో పనిచేయువారి బిడ్డకు పుస్తకము కొనియిచ్చుచునే యున్నాము. ఇచ్చునపుడు, "మీ అవ్వ చెప్పిన కథ యొకటి చెప్పు, తల్లీ" యని యడిగి, కూర్చుండి విందము. ఆ బిడ్డకు మనతో చెప్పదగిన దున్నదని తెలియును. మనకును వినవలసినది కలదని తెలియును.