ఎఱ్ఱని గిన్నె, తెల్లని గిన్నె

ధ్యానభాగములు: యెషయా 1:18, రోమా 14:21



మా సంఘస్థులైన ఒక దంపతులు సంక్రాంతి తరువాత నాసిక్‌లోనున్న కుమారుని చూడబోయిరి. ఆ ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపొందినది. కోత దినములు గనుక కుమారుడు వారిని ద్రాక్షారసము చేయు స్థలమునకు తీసికొనిపోయెను. అక్కడ వచ్చినవారికి మొదట తెల్లనిది, తరువాత ఎఱ్ఱనిది గాజు గిన్నెలలో కొంచెము కొంచెము పోసి రుచి చూపుదురు. మ్రింగనొల్లనివారు ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయవచ్చును.

ఆమె తెల్లనిది పెదవికి తాకించి, పులుపని నవ్వెను. ఆయన ఎఱ్ఱని గిన్నె ఎత్తి, వాసన చూచి, చెయ్యి వణకగా క్రింద పెట్టెను. ఆయన సారా విడిచి పదకొండు సంవత్సరములు. "నాయనా, ఇది సారా కాదు, రుచికే గదా" అని కుమారుడనెను. "నా నాలుకకు ఆ భేదము తెలియదురా" అని ఆయన చెప్పెను. అది విని ఆమెయు తన గిన్నెను దించెను.

తిరిగి వచ్చిన తరువాత, "అయ్యగారూ, నేను రుచి చూచుట పాపమా?" అని ఆమె మమ్ము నడిగెను. మొదట మా నోటికి గద్దింపే వచ్చెను. గాని కానా పెండ్లిలో ఆరు రాతిబానల నీళ్లు ద్రాక్షారసమైన సంగతి మేమెట్లు దాచగలము? తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పిన సలహా నెట్లు దాచగలము? అదే పౌలు, సహోదరునికి అడ్డమైన యెడల ద్రాక్షారసము మానుట మంచిదని రోమీయులకు వ్రాసెను. గనుక, "అమ్మా, నీవు రుచి చూచిన దానికంటె దించిన గిన్నెయే ప్రభువునకు ప్రియమైనది" అని చెప్పితిమి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు విరోధముగా లేచిరి. 1995లో మన రాష్ట్రమున మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. చట్టము దుకాణమును మూయగలదు, మరల తెరువగలదు. భర్త నిమిత్తము భార్య దించిన గిన్నెను ఏ చట్టమును దింపనేరదు. త్రాగుడు మానిన మనుష్యుని ఇంట పెండ్లినాడు, పండుగనాడు "ఒక్క గుటికెడే" అని బలవంతపెట్టు బంధువులారా, ఆయన వణకిన చెయ్యిని జ్ఞాపకము చేసికొనుడి.

అక్కడి పనివాడు వారికొక సంగతి చెప్పెను. నల్లద్రాక్షలలో అనేకమైన వాటి రసము లోపల తెల్లగానే యుండును. ఎఱుపు రసములో లేదు, తోలులో నున్నది. పిండిన వెంటనే తోలు తీసివేసిన యెడల తెల్లనిది వచ్చును. తోలుతో కూడ దినముల తరబడి పులియనిచ్చిన యెడల ఎఱుపును వగరును రసములోనికి దిగును. మన అలవాట్లును అట్టివే. ఏ సహవాసములో నానుచున్నామో దాని రంగే మనకు పట్టును. యౌవనులారా, నేడు సాయంకాలము మీరు ఎవరితో కూర్చుండబోవుచున్నారు?

ఎఱ్ఱనైన దానిని మరల తెల్లగా చేయుటను గూర్చి మాత్రము ఆ పనివాడు ఏమియు చెప్పలేదు. ఆ మాట యెషయా మొదటి అధ్యాయములో నున్నది. రక్తమువలె ఎఱ్ఱనైన పాపమును హిమమువలె తెల్లగా చేయువాడు మనకున్నాడు. పదకొండు సంవత్సరములు ఒక మనుష్యుని నిలిపినవాడు ఆయనయే. ఆయన కృప మనలనందరిని నిలుపును గాక. ఆమేన్.