సంహితయా, పదమా?

సంధులతో కలిసిన వేదపాఠమగు సంహితనుండి విడి పదములు పుట్టినవా, పదములనుండి సంహిత పుట్టినదా యను ప్రశ్న మన ప్రాచీనులను చిరకాలము వేధించినది. యాస్కుడు నిరుక్తమున సంహితను ‘పదప్రకృతి’ యని పేర్కొనగా, ఆ సమాసమును షష్ఠీతత్పురుషముగా విప్పినవారు పదములకు సంహితయే మూలమనియు, బహువ్రీహిగా విప్పినవారు సంహితకు పదములే మూలమనియు వాదించిరి. ఒక్క సమాసమును విప్పు తీరులో రెండు దర్శనములు దాగియున్నవి. ఆ వివాదమే నేడు వెబ్ అప్లికేషన్లు నిర్మించువారి పనిగదిలో, వారెరుగకయే, మరల జరుగుచున్నది.

జావాస్క్రిప్టు వ్రాయువాడు తన గ్రంథమును వందలకొలది చిన్న మాడ్యూళ్లుగా విభజించి, ఒక్కొక్కదానికి అర్థవంతమగు పేరు పెట్టుకొనును. చదువుటకును దిద్దుటకును అదియే సుకరము. కాని హెచ్‌టీటీపీ 1.1 పద్ధతిలో బ్రౌజరు ఒక్క సర్వరుతో ఏకకాలమున సాధారణముగా ఆరు కనెక్షన్లకు మించి పెట్టుకొనదు గనుక, ఆ వందల ఫైళ్లును వాకిట బారులు తీరి నిలువవలసి వచ్చెడిది. అందుచేత 2012లో వెలసిన వెబ్‌ప్యాక్ వంటి బండ్లర్లు వానినన్నిటిని ఒకటి రెండు మూటలుగా కూర్ప నారంభించినవి. అనావశ్యకములగు ఖాళీలను తొలగించి, దీర్ఘనామములను ఏకాక్షరములుగా కుదించు మినిఫికేషనును ఆ కూర్పునకు తోడైనది. ‘అతడు’, ‘ఎక్కడ’ కలిసి ‘అతడెక్కడ’ యైనపుడు నడిమి ఉకారము లోపించియు అర్థము చెడనట్లే, ఇచట నామములు లోపించియు క్రియ చెడదు. పేరు తెలిసికొనువానికొరకే గాని పని చేయు యంత్రమునకు కాదు.

ఇంతవరకు చూచినచో పదవాదిదే గెలుపువలె తోచును: విడిభాగములు ముందు, మూట వెనుక. కాని 2015లో ఇ.ఎస్. మాడ్యూళ్లు జావాస్క్రిప్టు ప్రమాణమున చేరగా, అదే సంవత్సరమున పుట్టిన రోలప్ అను బండ్లరు ‘ట్రీ షేకింగ్’ అను ప్రక్రియను ప్రసిద్ధికి తెచ్చినది. బండ్లరు ప్రవేశద్వారమగు ఫైలునుండి బయలుదేరి, ఏది దేనిని కోరుచున్నదో వెదకికొనుచు పోయి, ఎవరును పిలువని ఫంక్షనును మూటలో చేర్పక విడిచిపెట్టును. అనగా భాగమునకు స్థానమిచ్చునది సమష్టి ప్రయోజనమే. వాక్యమే అఖండమనియు, పదములు వైయాకరణుడు దానినుండి అపోద్ధరించిన కల్పనలనియు తలచిన భర్తృహరి ఈ తంతును చూచిన చిరునవ్వు నవ్వియుండును.

అయినను సంహితావాది తొందరపడరాదు. మా బంధువుల కుర్రవాడొకడు తన ప్యాకేజీకి సైడ్ ఎఫెక్టులు, అనగా విలువ నిచ్చుట గాక బయట కలిగించు మార్పులు, లేవని ప్రకటించి మూట కట్టగా, పేజీ రంగులును అమరికయు కోల్పోయి దిగంబరముగా తెరపై నిలిచినది. శైలిని నిర్దేశించు సి.ఎస్.ఎస్. ఫైలునుండి ఎవరును విలువ గ్రహింపరు. దానిని కేవలము చేర్చుకొందురు. చేరుటయే దాని వ్యాపారము. పిలుపు వినబడలేదు గనుక బండ్లరు దానిని వ్యర్థమని త్రోసివేసినది. లోపము బండ్లరుది కాదు, ఆ ప్రకటనది. దృష్టప్రయోజనము లేనిచోట అదృష్టమును ఊహింపవలెనని మీమాంసకులు పట్టుపట్టుట వట్టి చాదస్తము కాదని నా కానాడు తోచినది.

మరి నిర్ణయమేమి? శాకల్యుడు ఋగ్వేదమునకు పదపాఠము కూర్చినది సంహితను త్రోసిపుచ్చుటకు కాదు. యజ్ఞమున వినియోగమగునది సంహిత; అధ్యయనమున తోడ్పడునది పదము. నేటి వీట్ అను పరికరమును, వ్రాయువేళ సొంత మాడ్యూళ్లను విడివిడిగానే బ్రౌజరునకందించి, లోకమునకు పంపువేళ మాత్రము మూట కట్టును. ఆ మూటలో ఒకే పంక్తిలో వేల అక్షరముల నడుమ దోషము పుట్టినప్పుడు, అది మూలమున ఏ ఫైలులో, ఏ పంక్తిలో, ఏ పేరుతో నున్నదో చూపుటకు సోర్స్ మ్యాప్ కలదు. అది పదపాఠమువలె సంహితనుండి పదమునకు మరలు త్రోవ.

కావున వినియోగమున సంహితయు, జ్ఞానమున పదమును ప్రకృతులని నా తలపు. మూట మాత్రమే మిగిలి ఆ త్రోవ పోగొట్టుకొన్నవానికి, పేజీ చక్కగా నడుచుచున్నంతకాలము కొరత తెలియదు. ఒకనాడు అది నిలిచిపోయినప్పుడు, తాను వ్రాసిన గ్రంథమే తనకు పరభాషయై ఎదుట నిలుచును.