సెలవు ఎవరికి?

సెలవులొస్తే పిల్లలకు బడి ఉండదు, మనకు ఆఫీసు ఉండదు. ఇల్లాలికి మాత్రం పని రెట్టింపవుతుంది. చుట్టాలొస్తారు, వంటలు పెరుగుతాయి, అంట్లు గుట్టపడతాయి. మనం మంచం దిగకుండా "చాయ్ ఏదీ?" అని కేకేస్తాం. భార్యకు సాయపడే మగవాణ్ణి చూసి "జోరూ కా గులామ్" అని నవ్వుతాం. ఎంత అవివేకం!

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే నమాజుకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చిరిగిన బట్టలు, తెగిన చెప్పులు ఆయనే స్వయంగా కుట్టుకునేవారు.

మిస్వాక్‌ను సున్నత్ అని ప్రేమగా పాటించే మనకు, ఈ సున్నత్ నామోషీ ఎలా అయింది? నవ్వేవారు తాము నవ్వుతున్నది ఎవరి ఆచరణను చూసో ఆలోచించాలి. ఈ సెలవుల్లో మన పళ్ళెం మనమే కడుగుదాం. మన కొడుకులకూ నేర్పుదాం.