నిగ్రహము కూడ సేవయే

కరోనా మహమ్మారి వేళ, 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు శ్రీవారి దర్శనము నిలిచిపోయినది. స్వామికి జరుగవలసిన నిత్యకైంకర్యములు మాత్రము ఏకాంతముగా జరిగినవి. జూన్ 8న ప్రయోగాత్మకముగను, 11న సామాన్య భక్తులకును దర్శనము తిరిగి ఆరంభమైనది. వచ్చువారు మాస్కు ధరించి ఎడముగ నిలువవలెననియు, 65 ఏండ్లు దాటిన వృద్ధులు, పదేండ్లలోపు పిల్లలు రావలదనియు కోరిరి.

అప్పుడు రెండు వాదములు వినబడినవి. స్వామియే రక్షకుడై యుండగా మాస్కు ఎందులకని కొందరు. వ్యాధి తొలగువరకు దర్శనమే వలదని కొందరు. మొదటిది విశ్వాసముగను, రెండవది వివేకముగను తోచును. రెండింటను ఎదుటివాడు మరుగునపడినాడు.

భక్తుడు తన ప్రాణభారమును స్వామిపై వేయవచ్చును. కాని ఏ లక్షణమును కనబడనివాని నుండియు సోకు వ్యాధి అది. క్యూలో ముందు నిలిచిన అపరిచితుని ప్రాణమును పణముగా పెట్టు అధికారము అతనికెక్కడిది? అట్లే, యాత్రికులనే నమ్ముకొని చిన్న అంగడి పెట్టుకొన్నవాని ఇంట పొయ్యి వెలుగుటలేదని తలపక, ఎన్నటికిని తెరువవలదనుటయు ధర్మము కాజాలదు. తెరచుట అతని కొరకు. నియమము అందరి కొరకు.

ఆ కోరికను మన్నించి ఇంటనే దీపము పెట్టుకొన్న వృద్ధుడు దర్శనమునకు దూరమైనవాడు కాడు. పరుల యందున్న అంతర్యామిని అతడు ముందుగనే సేవించెను.