వీలునామాలో పేర్కొన్న పుస్తకం: కృతి, పాఠం, ప్రతి

వీలునామాలో పేర్కొన్న పుస్తకాన్ని గుర్తించడం గ్రంథచరిత్ర పరిశోధనలో ఒక భాగం. ఆ పుస్తకం ఏదో చెప్పడమంటే, తిరిగి సమాధానం చెప్పలేని వ్యక్తి పక్షాన మాట్లాడడమే. అందువల్ల ఆ నిర్ణయానికి నైతిక బాధ్యత కూడా ఉంది.

1400లో లండన్ మతాచార్యుడు విలియం పామర్ తన వీలునామా ద్వారా ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యాన్ని ఆగ్నెస్ ఎగ్స్‌ఫీల్డ్ అనే స్త్రీకి ఇచ్చాడు. ఆ కావ్యానికి పండితులు ఎ, బి, సి అని మూడు ప్రధాన పాఠాలను గుర్తించారు. పామర్ ఇచ్చినది వాటిలో ఏదో ఆ పేరును బట్టి తేలదు. ఇక్కడ కృతి తెలిసింది. పాఠమూ ప్రతీ తెలియలేదు.

1072లో మరణించిన బిషప్ లియోఫ్రిక్ ఎక్సెటర్ ప్రధానాలయానికి ఇచ్చిన దానపట్టికలో, వివిధ విషయాలపై పద్యాలున్న ఒక పెద్ద ఆంగ్ల గ్రంథం ప్రస్తావన ఉంది. దానికి పేరు లేదు. అయినా నేటికీ అక్కడే భద్రంగా ఉన్న ‘ఎక్సెటర్ బుక్’ అదేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. ఇక్కడ శీర్షిక లేకుండానే ప్రతి దొరికింది. పేరు తెలియడమూ పుస్తకం తెలియడమూ ఒకటి కావని ఈ రెండు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. మధ్యయుగ ఐరోపాలోని గ్రంథపట్టికలలో రెండవ పత్రపు తొలి మాటలను నమోదు చేసే పద్ధతి ఏర్పడడానికి కారణం కూడా ఇదే. చేతిరాత ప్రతులలో ఆ మాటలు ప్రతికీ ప్రతికీ మారుతాయి.

ఈ సమస్య తెలుగునాట కూడా ఎదురుకాగలదు. విజయవాడ గవర్నర్‌పేటలోని రామమోహన గ్రంథాలయం, 1914 ఏప్రిల్ 10న అదే నగరంలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు పూనుకొన్న అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ముడిపడిన సంస్థ. కృష్ణా డెల్టాకు చెందిన ఒక గృహస్థు ‘రామాయణం’ అని మాత్రమే రాసి, తన పుస్తకాన్ని అటువంటి గ్రంథాలయానికి వీలునామాలో ఇచ్చాడనుకొందాం. అది రంగనాథ రామాయణమా, భాస్కర రామాయణమా, మొల్ల రామాయణమా? పరిశోధకుడు తనకు బాగా పరిచయమైన కృతినే ఎంచుకొంటే, ఆ గృహస్థుకు లేని అభిరుచిని అంటగట్టినవాడవుతాడు. మొల్లను చదివిన ఒక పాఠకుడు చరిత్రనుండి తొలగిపోవచ్చు.

అలాగని మౌనం వహించడమూ న్యాయం కాదు. ఏ పాఠమో తెలియనంత మాత్రాన పామర్ ప్రస్తావనను వదిలివేస్తే, ఆ కావ్యం ఒక స్త్రీ చేతికి చేరవలసి ఉండిందన్న సాక్ష్యం మరుగునపడుతుంది. కావున గుర్తింపు కృతి వరకా, పాఠం వరకా, ప్రతి వరకా అన్నది ప్రతి సందర్భంలోనూ విడిగా ప్రకటించాలి. పై గృహస్థు విషయంలో ‘రామకథా గ్రంథం, ఏ కృతి అన్నది అనిర్ణీతం’ అని నమోదు చేయడమే అతని మాటకు న్యాయం చేస్తుంది.